ఘాట్ ఎక్కుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ 118 డిగ్రీలు: భయపడాలా?

ప్రశ్న: మాది కడప. నిరుడు ఏడుగురు కూర్చునే డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ నేను మార్చలేదు, పాత ఓనరు మార్చాడో లేదో తెలియదు. మా అత్తగారి ఊరు రాయచోటి దగ్గర కాబట్టి వారం పది రోజులకొకసారి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగుతుంటాం. ఈ మధ్య స్టీరింగ్ కింద సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ పరికరం కొని, ఫోన్‌లో యాప్ పెట్టి గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూస్తున్నాను. మామూలు రోడ్డు మీద 88 నుంచి 92 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో ఆరుగురం ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే 109కి పోయింది. సిమెంటు లారీల వెనకాల నత్తనడకన పోయేసరికి 118 చూపింది. పైన పాలకోవా కోసం ఆపి, ఇంజిన్ కట్టేసి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే 120 ఉంది. నిలబడిన బండిలో వేడి ఎలా పెరుగుతుంది? మా మెకానిక్ అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన ముందు వైపు వేరే కూలర్ బిగించమంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, కడప

సమాధానం: మీరు ఒక్క అంకె రాసి ఊరుకోకుండా అది ఏ రోడ్డు మీద, ఎంతమందితో, ఏ నెలలో వచ్చిందో కూడా రాశారు. ఆ వివరాలు ఉన్నందువల్లనే సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను. ఘాట్ మీద కొద్ది నిమిషాలు 118 డిగ్రీలకు పోయినంత మాత్రాన మీ గేర్‌బాక్స్ పాడైపోలేదు. కూలర్ ఇప్పుడే బిగించకండి. ఆయిల్ మాత్రం మార్చండి, వచ్చే వేసవి దాకా ఆగకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా ఆ అంకె నిజంగా గేర్‌బాక్స్ ఆయిల్‌దేనని నిర్ధారించుకోవాలి. కూలెంట్ వేడి, ఇంజిన్ వేగం, బండి వేగం వంటివి అన్ని కంపెనీల కార్లలోనూ ఒకే కోడ్‌తో బయటికి వస్తాయి; గేర్‌బాక్స్ ఆయిల్ వేడి మాత్రం చాలా బండ్లలో ఆయా కంపెనీ సొంతంగా పెట్టుకున్న కోడ్‌తోనే వస్తుంది. యాప్‌లో మీ మోడల్‌ది కాక మరొక మోడల్ కోడ్ ఎంచుకుంటే, కనబడే అంకె నమ్మదగినట్టే ఉంటుంది గాని అది కూలెంట్‌దో, ఇంకొక సెన్సర్‌దో అయి ఉండవచ్చు. దీనికి పరీక్ష సులువు. రాత్రంతా బండి నిలిపి, తెల్లవారి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి చూడండి. కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజిన్‌లోకి పోయే గాలి, ఈ మూడూ దాదాపు ఒకే అంకె చూపాలి. తర్వాత బయల్దేరితే కూలెంట్ కొద్ది కిలోమీటర్లలోనే పైకి పోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ దాని వెనకాల నింపాదిగా ఎక్కుతుంది. రెండూ మొదటినుంచీ కలిసి కదులుతుంటే మీరు రెండు చోట్లా చూస్తున్నది కూలెంటే. అంకె మైనస్ 40 వద్ద కదలకుండా నిలిస్తే సెన్సర్ సమాచారం రావడం లేదని అర్థం, ఎందుకంటే ఈ లెక్కలో వచ్చిన సంఖ్య నుంచి 40 తీసివేసి డిగ్రీలుగా చూపుతారు, వచ్చింది సున్నా అయితే మైనస్ 40 మిగులుతుంది. ఎప్పుడైనా 190, 200 కనబడితే యాప్ ఫారెన్‌హీట్‌లోకి మారిందేమో చూసుకోండి. 92 సెల్సియస్ అక్కడ దాదాపు 198 అవుతుంది.

సెన్సర్ ఎక్కడుందన్నదీ తెలియాలి. చాలా గేర్‌బాక్సుల్లో అది అడుగున, ఛాంబర్ అనే ఆయిల్ తొట్టిలో, గేర్లు మార్చేందుకు ఆయిల్‌ను మళ్లించే వాల్వ్ బాడీ దగ్గర ఉంటుంది. కొన్నిటిలో టార్క్ కన్వర్టర్ నుంచి ఆయిల్ బయటికి వచ్చే దారిలో ఇంకొకటి ఉంటుంది. కన్వర్టర్ దగ్గరి అంకె ఛాంబర్ అంకె కంటే ఘాట్ మీద ఇరవై ముప్పై డిగ్రీలు ఎక్కువగా ఎగిరి, అంతే త్వరగా దిగిపోతుంది. ఒకరి యాప్‌లోని అంకెను ఇంకొకరి యాప్‌లోని అంకెతో పోల్చి కంగారుపడేవారు చాలామంది ఈ తేడా తెలియకనే పడుతున్నారు. మీరు రాసిన తీరును బట్టి, నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతోంది కాబట్టి, మీది ఛాంబర్ సెన్సర్ అనే అనుకుంటున్నాను.

ఇక్కడ మిగతా పాఠకులకు ఒక మాట. మన దగ్గర క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ ఆటోమేటిక్ అనే అంటాం గాని, ఏఎంటీ బండిలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, దానికి ఈ చర్చ వర్తించదు. సీవీటీకి వేరే ఆయిల్, డబుల్ క్లచ్ బండ్లకు వేరే లెక్క. ఈ జవాబు టార్క్ కన్వర్టర్ బండ్లకు మాత్రమే.

ఇక వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. టార్క్ కన్వర్టర్ లోపల ఇంజిన్ తిప్పే చక్రం ఒకటి, గేర్‌బాక్స్‌కు తగిలించిన చక్రం ఒకటి ఎదురెదురుగా ఉంటాయి. మొదటిది విసిరిన ఆయిల్ తగిలి రెండోది తిరుగుతుంది. రెండింటి వేగాల మధ్య తేడా ఉన్నంతసేపు ఆ ఆయిల్ చిలకబడుతుంది, చిలకబడిన శక్తి అంతా వేడిగా మారుతుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద స్థిరంగా 80లో పోతున్నప్పుడు లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని రెండు చక్రాలనూ ఒకటి చేస్తుంది, అప్పుడు చిలకడం ఉండదు, వేడీ పెద్దగా పుట్టదు. ఘాట్ మీద తక్కువ వేగంతో, బరువుతో ఎక్కేటప్పుడు లాకప్ విడిపోతుంది. ఇంజిన్ 40 కిలోవాట్ల శక్తి ఇస్తూ, కన్వర్టర్ అందులో 80 శాతమే గేర్‌బాక్స్ వైపు పంపుతోందనుకుంటే, మిగిలిన 8 కిలోవాట్లు ఆయిల్‌లోకి దిగుతాయి. ఇంట్లో నీళ్లు కాచే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఆ ఏడెనిమిది లీటర్ల ఆయిల్‌లో ఒకేసారి పెట్టినంత వేడి అది. లారీ వెనకాల పాకుతున్నప్పుడు ఇంజిన్ ఇచ్చే శక్తి తగ్గినా జారుడు, అంటే ఆ రెండు చక్రాల వేగాల మధ్య తేడా, పెరుగుతుంది, పైగా ముందు నుంచి వచ్చే గాలి కూడా ఉండదు. మీకు 109 కాస్తా 118 అయినది అందువల్లనే.

ఆయిల్ చల్లబడే దారి మరొకటి గమనించండి. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్‌లోనో, పక్కన ఉన్న చిన్న పెట్టెలోనో కూలెంట్‌కు తన వేడిని ఇచ్చి చల్లబడుతుంది. కూలెంటే 90 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే ఆయిల్ అంతకంటే బాగా కిందికి దిగడం సాధ్యం కాదు. కాబట్టి మామూలు రోడ్డు మీద మీరు చూస్తున్న 88, 92 చాలా ఆరోగ్యకరమైన అంకెలు. యాప్‌లో కూలెంట్ అంకెను కూడా పక్కనే పెట్టుకుని చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది. సమతలం మీద సాఫీగా పోతున్నప్పుడు కూడా ఆయిల్ కూలెంట్ కంటే ఇరవై డిగ్రీలు పైన నిలిస్తే, అప్పుడు కూలర్ పూడిందనో, లాకప్ సరిగా పట్టడం లేదనో అనుమానించాలి. మీకా లక్షణం లేదు.

కోవా కోసం ఆపినప్పుడు పెరిగిన రెండు డిగ్రీల సంగతి. ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ కట్టేయగానే ఆయిల్ కూలర్‌కు పోవడం ఆగిపోతుంది, కన్వర్టర్‌లో ఉన్న మరింత వేడి ఆయిల్, చుట్టూ ఉన్న వేడి లోహం తమ వేడిని ఛాంబర్‌లోకి పంచుతాయి. అందుకే నిలబడిన బండిలో అంకె పెరిగినట్టు కనబడింది. అందులో లోపమేమీ లేదు, కాని అక్కడ చేయవలసిన పని వేరు. 115 దాటిన అంకెతో పైకి చేరితే రోడ్డు దిగి సమతలంగా ఉన్న చోట ఆపి, పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్‌ను అయిదు నిమిషాలు నడవనివ్వండి. పంపు ఆయిల్‌ను తిప్పుతుంది, ఫ్యాన్ రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, అంకె 100 దగ్గరికి రావడం మీ కళ్లముందే చూడవచ్చు. కూలెంటే మరిగిపోతూ ఎర్రదీపం వెలిగితే అది వేరే ఆపద, అప్పుడు ఇంజిన్ కట్టేయవలసిందే.

ఏ అంకె దగ్గర ఏం చేయాలన్నది మీరు అడగకపోయినా మీ ఉత్తరమంతా ఆ దిగులే కనబడుతోంది. 80 నుంచి 95 వరకు ఈ ఆయిల్‌కు సహజమైన వేడి. బరువుతో ఎక్కేటప్పుడు 110 వరకు పోవడం మామూలే. 115 దాటితే గమనించాలి, 120 దాటితే బండికి ఊపిరి ఇవ్వాలి, 130 చూస్తే ఎక్కడ వీలైతే అక్కడ ఆగాలి. 150 ప్రాంతంలో రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ పలకలు మాడతాయి. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఉన్న బండ్లలో అది చాలా ఆలస్యంగా, నష్టం దగ్గరపడ్డాకే వెలుగుతుంది. మీరు కొన్న చిన్న పరికరం విలువ అక్కడే ఉంది. యాప్‌లో 115 వద్ద మోగేలా అలారం పెట్టి, ఫోన్‌ను పక్క సీటులో ఉన్నవారికి ఇవ్వండి. గువ్వలచెరువు మలుపుల్లో మీ చూపు రోడ్డు మీదే ఉండాలి. బండి రోజుల తరబడి నిలిపేటప్పుడు ఆ పరికరాన్ని తీసేయండి, బ్యాటరీ దిగిపోకుండా ఉంటుంది.

ఒక్కసారి ఎక్కిన అంకె కంటే ఆ వేడిలో ఆయిల్ గడిపిన మొత్తం సమయమే గేర్‌బాక్స్‌ను నిర్ణయిస్తుంది. స్థూలంగా ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ముదిరే వేగం రెండింతలవుతుంది. 90లో ఉన్నదానికంటే 110లో నాలుగింతలు వేగంగా ముదురుతుంది. అంటే ఘాట్ మీద 110లో పాతిక నిమిషాలు గడిపితే, ఆయిల్ మటుకు 90లో వంద నిమిషాలు నడిచినట్టు లెక్క. పాత ఓనరు ఆయిల్ మార్చి ఉండకపోతే, మీటరు మీద 86,000 అని ఉన్నా, లోపలి ఆయిల్ అంతకంటే ఎక్కువే తిరిగినట్టు.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే బోధపడలేదు. కొన్నేళ్ల కిందట శివరాత్రికి కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయాను. నాదీ పాత ఆటోమేటిక్ బండే, వేడి చూసే సాధనం ఏదీ లేదు, ఆయిల్ మార్చనవసరం లేదని ఒక షెడ్డులో చెప్పిన మాట నమ్మాను. నల్లమల ఘాట్‌లో బస్సులు, జీపుల మధ్య గంటల కొద్దీ పది అడుగులు కదలడం, ఆగడం. ఏటవాలు మీద ప్రతిసారీ బ్రేకు నొక్కే బదులు ఆక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టాను. తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు దాటాక మూడు నుంచి నాలుగో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా అరిచి, బండి మాత్రం ముందుకు పోలేదు. కర్నూలు వచ్చాక డ్రెయిన్ బోల్టు విప్పించి, రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేయించాను. కొత్త ఆయిల్ అయితే ఎర్రగా, పారదర్శకంగా కాగితంలోకి సమంగా పాకుతుంది. ఇది నల్లటి మచ్చగా మధ్యలోనే నిలిచి, చుట్టూ పలచని గోధుమరంగు వలయం మాత్రం పాకింది. వాసన పెనం మీద మాడిన వేరుశనగ గింజల వాసన. బోల్టు చివరి అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద మందంగా పట్టి ఉంది, దాన్ని వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడింది. మెత్తని ముద్ద ఎంతో కొంత ఉండటం సహజం. గరుకు తగిలితే లోపల లోహం అరిగిందని అర్థం. ఆ గేర్‌బాక్స్ విప్పక తప్పలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుచేత లైఫ్‌టైమ్ అన్న మాటను అక్కడితో వదిలేయకండి. బండితో వచ్చిన మాన్యువల్‌లో నిర్వహణ పట్టిక చివర కఠినమైన వాడకం అనే భాగం చాలా కార్లకు ఉంటుంది. కొండదారులు, విపరీతమైన ఎండ, నిండు బరువు దాని కిందికే వస్తాయి. కడప వేసవి, ఆరుగురు మనుషులు, గువ్వలచెరువు ఘాట్, ఈ మూడూ ఆ నిర్వచనానికి అతికినట్టు సరిపోతాయి. అక్కడ ఏమీ రాయకపోయినా, ఇటువంటి వాడకంలో 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్చాలన్నది నా గట్టి అభిప్రాయం. పాత ఆయిల్ మారిస్తే గేర్లు జారడం మొదలవుతుందన్న భయం మీ మెకానిక్‌కు ఉండవచ్చు. అప్పటికే పలకలు అరిగిపోయిన గేర్‌బాక్సుల్లో అలా కనబడిన మాట వాస్తవం. మీ బండి పార్క్ నుంచి డ్రైవ్‌లో వేయగానే ఆలస్యం లేకుండా పట్టుకుంటోందా, గేరు మారేటప్పుడు ఇంజిన్ వృథాగా అరుస్తోందా, 60, 70 వేగంలో గతుకుల మీద పోయినట్టు సన్నగా వణుకుతోందా, ఈ మూడూ గమనించండి. ఏ దోషమూ లేకపోతే నిశ్చింతగా మార్చవచ్చు.

మిషన్ పెట్టి బలవంతంగా కడిగించవద్దు. బోల్టు విప్పి కిందికి దిగినంత తీసి, కొలిచి, సరిగ్గా అంతే కొత్తది పోయించండి. కన్వర్టర్‌లోనూ దారుల్లోనూ ఉన్నది దిగదు కాబట్టి ఒక్కసారికి 40 శాతమే మారిందనుకుంటే పాతది 60 శాతం ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ చేస్తే 36కు, మూడోసారికి 22కు తగ్గుతుంది. మూడుసార్లూ మీ మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే వాడాలి. అన్నిటికీ పనికొస్తుందని చెప్పే డబ్బాను ఒప్పుకోకండి. కొన్ని కంపెనీల ఆయిల్ ఎరుపు కాక వేరే రంగులో ఉంటుంది కాబట్టి రంగు చూసి ఎంచుకోవడం కూడా తగదు.

షెడ్డుల్లో తరచు తప్పిపోయే పని మట్టం చూడటం. ఇప్పటి గేర్‌బాక్సులు చాలావాటికి కొలపుల్ల ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు, మట్టం బోల్టు విప్పి సన్నని ధార తెగి చుక్కలుగా మారేదాకా చూస్తారు. ఆ వేడి చాలా మోడళ్లలో 35 నుంచి 45 డిగ్రీల మధ్య. మీదెంతో మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. ఆయిల్ 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఏడున్నర లీటర్లు దాదాపు 300 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. 90లో మట్టం చూస్తే ఆ ఉబ్బిందంతా బయటికి కారిపోయి, చల్లారాక గేర్‌బాక్స్ కొరతతో మిగులుతుంది. మే నెల మధ్యాహ్నం కడపలో గాలే 42, 43 ఉంటుంది, ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ఆయిల్ ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదిలి, తెల్లవారుజామున సమతలమైన లిఫ్టు మీద ఈ పని చేయించండి. అప్పుడు మీ ఫోన్ చేతిలో ఉండి అంకె చదివేవారు మీరే కావాలి. ఆ పరికరం కొన్నందుకు దీనికంటే మంచి ఉపయోగం లేదు.

కూలర్ సంగతి. దానికి ముందు, బంపర్ వెనకాల ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూడండి. ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లలో సిమెంటు, నాపరాళ్ల దుమ్ము, పురుగులు కలిసి రెక్కల మధ్య పెచ్చు కట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టించండి. సర్వీస్ స్టేషన్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ రెండు వేగాల్లోనూ తిరుగుతోందా, కూలెంట్ సరైన పాళ్లలో ఉందా చూపించండి. అదనపు కూలర్ అంటే గొట్టాలు కోయడం, కొత్త క్లిప్పులు, లీకయ్యే చోట్లు పెరగడం. థర్మోస్టాట్ లేనిది పెడితే డిసెంబరు ఉదయాల్లో ఆయిల్ వేడెక్కక లాకప్ ఆలస్యమై వేరే ఇబ్బంది వస్తుంది. మీరు ట్రాలీ లాగడం లేదు, సమతలం మీద అంకె చక్కగా ఉంది. ఇప్పటికి దాని అవసరం నాకు కనబడటం లేదు.

ఘాట్ ఎక్కేటప్పుడు లీవర్‌ను మాన్యువల్ వైపు లాగి రెండులోనో మూడులోనో నిలపండి; ఇంజిన్ కొంచెం ఎక్కువగా తిరుగుతుంది గాని కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. లారీ వెనక అంగుళం అంగుళం పాకకుండా, బ్రేకు మీద నిలిపి, ముందు ఖాళీ ఏర్పడ్డాక ఒక్క ఊపులో కదలండి. దిగేటప్పుడు కూడా తక్కువ గేరే వాడండి, న్యూట్రల్ జోలికి అసలు పోవద్దు, బ్రేకులు కాలిపోయిన లారీలు ఆ దిగుడులో చేసిన ప్రమాదాలు మీకు నేను చెప్పనక్కరలేదు.

మొదటిసారి ఆయిల్ మార్చి, రేడియేటర్ కడిగించాక, అదే ఆరుగురితో, అదే మధ్యాహ్నపు వేళ గువ్వలచెరువు ఎక్కండి. ఘాట్ మొదట్లో, మధ్యలో, పైన, ఇంజిన్ నడుస్తూ నిలిపిన అయిదు నిమిషాల తర్వాత, ఈ నాలుగు చోట్లా ఆయిల్, కూలెంట్ అంకెలు పక్క సీటులోవారితో రాయించి నాకు పంపండి. అయిదు నిమిషాల్లో 105 కిందికి దిగకపోతే కూలర్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.